సున్నపు గోడ మీద రెండో మరక

"పంచె నల్లబడింది యాడ ఓబులమ్మా? వాళ్ళింట్లోనా, నీ తొట్టిలోనా?"

డిటెక్టివ్ చెన్నప్ప ఈ మాట అడగడం ఇది రెండోసారి. మొదటిసారి ఓబులమ్మ వినబడనట్టు బండ మీద చీర బాదుతూ ఉండిపోయింది. ఈసారి చేయి ఆపింది. చౌటకుంటపల్లి చెరువు ఎండిపోయి ఏళ్ళయింది, ఊరి బట్టలన్నీ ఈ బోరు పక్కన సిమెంటు తొట్టిలోనే ఉతకాలి. ఊరంతటినీ ఊపేసిన మాట పుట్టింది కూడా ఈ తొట్టిలోనే.

తిప్పేష్ చచ్చిపోయి నెలన్నర అయింది. చేనులో శెనక్కాయ చెట్లు పీకుతూ, మధ్యాహ్నం భార్య తెచ్చిన ముద్ద తిని, లేచి నాలుగడుగులు వేసి పడిపోయాడు. నిండా నలభై రెండేళ్ళు లేని మనిషి. శవాన్ని కోసిన డాక్టరుకు పక్కటెముకల కొసలు, మోకాలి చిప్ప కింది మెత్తటి ఎముక, గుండె కవాటం బొగ్గులా నల్లగా కనిపించాయి. పెళ్ళాం పెట్టుడు మందు పెట్టిందని ఊరు తీర్మానించేసింది. అన్నంలో కొంచెం కొంచెంగా కలిపి ఏళ్ళ తరబడి తినిపిస్తే మనిషి లోపల్లోపలే మాడిపోతాడని ఆ ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా నమ్మకం. పెళ్ళాం హేమావతి ఆ సాయంత్రమే సర్కిల్ ఇన్స్పెక్టర్ ఎర్రిస్వామి ముందు "నేనే పెట్టినా" అంది.

పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. అందుకని రేపు పొద్దున ఆమెను మేజిస్ట్రేటు ముందు నిలబెడుతున్నారు. అక్కడ కూడా అదే మాట అంటే ఇక ఆమెను బయటికి తీసుకురావడం ఎవరి తరమూ కాదు. చెన్నప్ప చేతిలో ఉన్నది ఈ ఒక్క పగలు.

అతన్ని ఈ పనికి పెట్టింది పెద్దక్క. ఆమె చనిపోయిన తిప్పేష్‌కు తోడబుట్టిన అక్క, జైల్లో ఉన్న హేమావతికి కన్నతల్లి. కూతుర్ని తమ్ముడికే ఇచ్చుకుంది. మేనమామకు పిల్లనివ్వడం ఆ పక్క కొత్తేమీ కాదు. అనంతపురంలో సైకిల్ షాపు మీద గదిలో కూర్చునే చెన్నప్ప దగ్గరికి వచ్చి, "ఒక్క చావుకు ఇద్దరిని పోగొట్టుకున్నానన్నా" అని మాత్రం చెప్పి ఏడవకుండా కూర్చుంది. ఏడ్చే మనుషులను చెన్నప్ప చాలామందిని చూశాడు. ఏడవని మనిషిని చూసి కేసు తీసుకున్నాడు.

"మాట్లాడు ఓబులమ్మా. పోలీసోళ్ళకు చెప్పినావు కదా, నాకూ చెప్పు."

ఓబులమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. పంచె ఇంట్లోంచి వచ్చేటప్పుడు తెల్లగానే ఉండేదని, చౌటి మన్ను కలిపిన నీళ్ళలో నానేస్తే తెల్లారేసరికి మసిగుడ్డ అయ్యేదని చెప్పింది. తక్కిన ఊరందరి బట్టలు అదే చౌటిలో మల్లెపూలయ్యేవి. ఎప్పటి నుంచి అని అడిగితే, హేమావతి కాపురానికి వచ్చినప్పటి నుంచి అంది. సర్కిల్ ఇన్స్పెక్టర్ రాసుకున్నదీ అక్షరాలా ఇదే. మొగుడికి మందు మొదలైంది పెళ్ళితోనే అని దానికి అర్థం.

"పెండ్లికి ముందు తిప్పేష్ బట్టలు నువ్వే ఉతికినావా?"

"ముందు మా అత్త ఉతుకుతాండె సామీ. ఆయమ్మ పోయినంక నేను."

"మీ అత్త కాలంలో నల్లబడలేదా?"

ఓబులమ్మ ఆలోచించింది. అబద్ధమాడే మనిషి కాదు, అడగని మాట చెప్పే మనిషీ కాదు.

"అత్త ఆ ఇంటి గుడ్డలు చౌట్లో ఏసేది కాదు సామీ. ఉత్తనీళ్ళలో జాడించి, వాసన పోయేదానికి ఇన్ని కుంకుడుకాయలు పిసికేది. ఆ ఇంటికి చౌడు అచ్చిరాదంట, వాళ్ళ ఇంటిదేవుని కట్టడి అంట. నాక్కూడా చెప్పి సచ్చిపోయింది. నేనే, అన్ని ఇండ్ల గుడ్డలకూ ఒక పద్ధతి, వాళ్ళకొక పద్ధతి యాడ చేసేదని అన్నీ ఒకే తొట్లో ఏస్తి."

అత్త పోయింది, ఆ ఏడాదే తిప్పేష్ పెళ్ళి. కట్టడి తప్పిన ఏడూ కోడలు వచ్చిన ఏడూ ఒకటే. ఊరు కోడల్ని చూసింది గాని తొట్టిని చూడలేదు. చెన్నప్పకు ఒళ్ళు మండింది. ఇంత చిన్న సంగతి అడగకుండా ఒక ఆడమనిషిని నెలన్నర జైల్లో కూర్చోబెట్టారు.

లేవబోతూ, తిప్పేష్ కొడుకు సంగతి గుర్తొచ్చి ఇంకొక మాట అడిగాడు. "పిల్లోడి గుడ్డలు గూడా నల్లగయ్యేవా?"

"వాని గుడ్డలు ఆయమ్మ ఎప్పుడూ నాకెయ్యలా సామీ. అన్నీ తనే ఉతుక్కునేది."

బిందె నీళ్ళ కోసం రెండు పొలాలు దాటి పోవాల్సిన ఊళ్ళో, చాకలి మనిషి ఉండగా, బిడ్డ గుడ్డలు ఇంట్లో ఉతుక్కునే తల్లి ఎవరుంటారు? చెన్నప్పకు ఈ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది.

తిప్పేష్ ఇంటికి వెళ్ళేసరికి పెద్దక్క గడపలో కూర్చుని ఉంది. కూతురు అరెస్టయినప్పటి నుంచి మనవడు గిరిని పెట్టుకుని ఈ ఇంట్లోనే ఉంటోంది. చౌడు సంగతి అడిగితే, తమ పుట్టింటి కట్టడి అదేనని, తన నాయన కాలం నుంచీ ఉందని చెప్పింది. నాయన ఎలా ఉండేవాడని చెన్నప్ప అడిగాడు. నలభై దాటేసరికి నడుము వంగిపోయిందని, మెడ తిప్పలేకపోయేవాడని, చెవులు నేరేడుపండు రంగులో ఉండేవని చెప్పింది. మరి ఎవరూ ఏమీ అనుకోలేదా అంటే, ఈ ఊళ్ళో నడుము వంగని మగవాడెవడున్నాడన్నా అని ఎదురు అడిగింది. నిజమే. ఫ్లోరైడు బోరునీళ్ళు తాగి తాగి ఎముకలు బిగుసుకుపోయిన జిల్లా అది. నలుగురు వంగినవాళ్ళ మధ్య ఐదోవాడు వేరే జబ్బుతో వంగితే కనిపెట్టేవాడెవడు?

అప్పటికి చెన్నప్పకు సగం కథ తెలుసు. పొద్దున్నే తాలూకా ఆసుపత్రిలో, శవపరీక్ష చేసిన డాక్టర్ సువార్తను కలిశాడు. చిన్న వయసు అమ్మాయి, విషం అని రాయమంటే రాయకుండా, అనుమానం అని రాసి ముక్కలు ల్యాబుకు పంపింది. ల్యాబు వాళ్ళు విషమేదీ లేదన్నారు. ఆమె చెప్పింది ఇది. మనం తినే పప్పులో, మాంసంలో ఉండే ఒక పదార్థాన్ని కొందరి శరీరం చివరిదాకా అరిగించుకోలేదు. అరగకుండా మిగిలింది మూత్రంలో పోయినంత పోతుంది, సున్నమో చౌడో సబ్బో తగిలితే నల్లబడుతుంది. పోనిది కీళ్ళ మధ్య మెత్తటి ఎముకలో, కీళ్ళను పట్టి ఉంచే కట్లలో, గుండె కవాటాల్లో పేరుకుంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అవన్నీ నల్లబడి, పెళుసెక్కి, ఎండిన తాడులా పుటుక్కుమంటాయి. దాని పేరు ఆల్కాప్టోన్యూరియా. తల్లి వైపు, తండ్రి వైపు రెండూ కలిస్తేనే బిడ్డకు వస్తుంది, అందుకే మేనరికపు ఇళ్ళలో ఎక్కువ. పుస్తకంలో బొమ్మ చూడడమే గాని మనిషిలో చూడలేదని, తిప్పేష్ గుండె కవాటం బిగుసుకుని ఆగిపోయి ఉంటుందని చెప్పింది. అయితే పూడ్చిపెట్టిన మనిషి మూత్రం ఎక్కడి నుంచి తెచ్చి రుజువు చేస్తాం అని చేతులెత్తేసింది. శవాన్ని మళ్ళీ తవ్వే ఉత్తర్వు రేపటిలోగా రాదు.

చెన్నప్ప దొడ్డిలోకి నడిచాడు. రాళ్ళతో కట్టి సున్నం కొట్టిన గోడ. తెల్లగా మెరుస్తోంది.

"సున్నం ఎప్పుడు కొట్టినారు పెద్దక్కా?"

తమ్ముడి దినాలకు ముందు తానే కొట్టానని ఆమె చెప్పింది. పాత గోడ కిందంతా నల్లగా ఉంటే రెండు పూతలు వేయాల్సి వచ్చిందట. గోడకు నడుమెత్తున, పూత వెనక నుంచి ఒక బూడిదరంగు నీడ ఇంకా కనిపిస్తూనే ఉంది. తిప్పేష్ రోజూ మూత్రానికి నిలబడిన చోటు. చెన్నప్పకు గుండె తేలికైంది. సున్నం గీరి సువార్తకు ఇస్తే చాలేమో అనుకుంటూ వంగాడు.

వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

నీడకు పక్కన, మోకాలి ఎత్తున, ఇంకొక మరక ఉంది. ఇది పూత వెనక లేదు, కొత్త సున్నం మీదే ఉంది. కాఫీ డికాషను రంగులో అంచులు, మధ్యలో నలుపు.

అదే సమయానికి వీధిలో జీపు ఆగిన చప్పుడైంది. సర్కిల్ ఇన్స్పెక్టర్ ఎర్రిస్వామి లాఠీ చంకలో పెట్టుకుని నేరుగా దొడ్డిలోకి వచ్చాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్లో పనిచేశారు. చెన్నప్ప ఉద్యోగం వదిలేసి బయటికొచ్చాడు, ఎర్రిస్వామి నక్షత్రాలు పెంచుకుంటూ పోయాడు. ఒకడిని చూస్తే ఒకడికి తాను పోగొట్టుకున్నదేదో గుర్తొస్తుంది.

"ఏమప్పా, దొంగసొమ్ము గోడలో పెట్టినారా?" అన్నాడు ఎర్రిస్వామి.

చెన్నప్ప చౌడు సంగతంతా చెప్పాడు. ఎర్రిస్వామి ఓపిగ్గానే విని, చాకలిదాని అత్త మాటలు పట్టుకుని కేసు కొట్టేయమంటావా అని అడిగాడు. ల్యాబులో విషం లేదని చెన్నప్ప అంటే, పెట్టుడు మందు ఏ ల్యాబుకూ దొరకదని అతను అన్నాడు. మాట పెరిగింది. నీకు సులువుగా ఒప్పుకునే మనిషి దొరికింది కాబట్టి దర్యాప్తు మానుకున్నావని చెన్నప్ప ముఖం మీదే అనేశాడు.

"కొట్టి ఒప్పించినానా నేను?" ఎర్రిస్వామి గొంతు దిగింది. "చెయ్యి గూడా ఎయ్యలా. తనే వచ్చి నా కాళ్ళకాడ కూచుని చెప్పింది. చెయ్యని మనిషి ఎందుకు చెప్తాదో నువ్వే చెప్పప్పా."

"ఎప్పుడు చెప్పింది? డాక్టరమ్మ నీతో మాట్లాడక ముందా, తర్వాతా?"

ఎర్రిస్వామి గుర్తు చేసుకున్నాడు. తర్వాతే. శవాల గది ముందర వరండాలో డాక్టరు తనతో మాట్లాడుతుంటే హేమావతి స్తంభం పక్కన కూర్చుని ఉంది. విషం కాకపోతే ఇది నెత్తురులో వచ్చే జబ్బు, అలాగైతే పిల్లవాణ్ణి కూడా చూడాలి అంది డాక్టరు. ఆ మాట అన్న కాసేపటికే హేమావతి లేచి వచ్చింది. ఆమె ఒప్పుకున్నాక పిల్లవాణ్ణి చూడాలన్న మాట అందరూ మరిచిపోయారు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడే వంటింటి వైపు నుంచి గిరి వచ్చాడు. మూడేళ్ళు నిండినవాడు, చొక్కా తప్ప ఒంటి మీద ఇంకేమీ లేదు. పోలీసును చూసి బెదరలేదు. నాయన పక్కన రోజూ నిలబడిన అలవాటుకు, నీడ ఉన్న చోటుకు కాస్త ఎడంగా, గోడకు ఎదురుగా నిలబడి ఉచ్చ పోసుకున్నాడు. పని కాగానే లోపలికి వెళ్ళిపోయాడు.

తడిసిన సున్నం మొదట పసుపయింది. చూస్తుండగానే గోధుమరంగుకు తిరిగింది.

తల్లి జైల్లో ఉంది. నెలన్నరగా ఆమె చేతి ముద్ద ఈ బిడ్డ నోట్లోకి పోలేదు. ఇక మందు పెట్టిందెవరు? హేమావతి నిర్దోషి అని రాసిన రుజువు ఇంత తెల్లగోడ మీద నల్లగా దొరికినందుకు చెన్నప్ప ఎగిరి గంతేయాలి. అతను మాత్రం పిల్లవాడు వెళ్ళిన గుమ్మం వైపు చూశాడు. వెనక పెద్దక్క గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఆమె కూడా చూసింది.

ఎర్రిస్వామి చెన్నప్ప వైపు తిరిగాడు. "పిల్లోణ్ణి డాక్టరు కాడికి తీసుకుపో. ఆయమ్మ కాగితం రాసిస్తే రేపు హాజరు నేనే ఆపిస్తా," అని చెప్పి జీపెక్కాడు.

పిల్లవాణ్ణి సిద్ధం చేసి ఉంచమని, సాయంత్రం ఆటో తెస్తానని పెద్దక్కకు చెప్పి, చెన్నప్ప ముందు సబ్ జైలుకు వెళ్ళాడు. ఆ తల్లి ఒప్పుకోలు వెనక్కి తీసుకోకపోతే ఏ కాగితమూ చాలదు. లాయరు గుమాస్తానని రాయించుకుని లోపలికి పోయాడు. హేమావతి ఊచల అవతల నిలబడింది. ఆమెకు ముప్పయ్యేళ్ళు కూడా లేవు.

"గిరి ఎట్లున్నాడు సార్?"

"బాగుండాడు. ఇందాక దొడ్డి గోడకాడ నిలబడినాడమ్మా, వాళ్ళ నాయన నిలబడే తావున."

ఆమె ముఖంలో ఉన్న కాస్త రంగూ పోయింది. దాచడానికి ఇక ఏమీ మిగలని మనిషిలా నేల మీద కూర్చుంది.

"వాడు పుట్టిన మూడో దినం నుంచి నాకు తెలుసు సార్. లంగోటీకి సబ్బు తగిలితే చాలు, నల్లగయ్యేది. మా ఆయన పంచెల సంగతి ఓబులక్క చెప్తానే ఉండె. అప్పుడే నాకు ఎదలో రాయి పడింది. ఆ పొద్దు డాక్టరమ్మ చెప్తాంటే విన్నా. విషమన్నా కావాల, నెత్తురులో జబ్బన్నా కావాల అనె. నేను మందే పెట్టినా అంటి. నేను పెట్టిందయితే అది నాతోనే అయిపోతాది. వాని జోలికి ఎవరూ పోరు."

"నువ్వు చెప్పినంత మాత్రాన వాని జబ్బు పోదు కదమ్మా."

"పేరు పోతాది కదా సార్. నల్లనెత్తురు ఇల్లు అనే పేరు. ఆ పేరు పడినాక బడిలో వాని పక్కన ఎవురు కూచుంటారు? రేపు పిల్లనెవురిస్తారు?"

"మందు పెట్టినామె కొడుకనే పేరు మంచిదా?"

"ఆ పేరు నాది సార్. వానిది కాదు."

చెన్నప్ప ఊచల ఇవతల తానూ నేల మీద కూర్చున్నాడు. ముప్పయ్యేళ్ళలో ఎంతమంది చేత ఎన్ని నిజాలు కక్కించాడో లెక్క లేదు. నిజం చెప్పి బతకవే అని ఒక మనిషిని బతిమాలుకోవడం ఇదే మొదలు. ఆ జబ్బు బిడ్డను పట్టి కుదిపేది నలభై ఏళ్ళకని, అంతవరకు వాడికి కావాల్సింది అమ్మేనని, తిండి చూసి పెట్టేదీ నొప్పికి ఒళ్ళు పట్టేదీ నువ్వు కాక ఎవరని నచ్చజెప్పాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒప్పుకుంటుందనే అనుకున్నాడు.

"మా అమ్మ చూసిందా సార్, గోడ?"

"చూసింది."

హేమావతి కొంగుతో ముఖం తుడుచుకుంది. "అయితే సరి," అంది. ఆ మాట అంత నిబ్బరంగా ఎందుకు అందో చెన్నప్పకు ఆటో చౌటకుంటపల్లి దారి పట్టిన తర్వాత గాని తట్టలేదు. కూతురు దాచినదాన్ని తల్లీ దాస్తుంది. డ్రైవరును తొందరపెట్టాడు.

ఇంటికి తాళం వేసి ఉంది. పొద్దు ఇంకా గుంకలేదు. వీధిలో జీపు ఉంది, అరుగు మీద ఎర్రిస్వామి కూర్చుని ఉన్నాడు. మాట నిలబెట్టుకోవడానికి వచ్చి, అతనూ తాళమే చూశాడు. ఎదురింటి గోడకు ఆనుకుని ఓబులమ్మ నిలబడి ఉంది. పెద్దక్క మనవడిని ఎత్తుకుని మడకశిర బస్సెక్కి పోయిందని, అక్కడి నుంచి కన్నడదేశం వైపో ఎటో తనకు తెలియదని చెప్పింది.

"నీకొక మాట చెప్పమనింది సామీ. పెట్టిన పని చాలించుకొమ్మనింది. ఆ ఇంట్లో మందు పెట్టిందెవురని ఎవురన్నా అడిగితే నేనేనని చెప్పు, నా తమ్మునికి నా బిడ్డనిచ్చింది నేనే కదా అనింది."

ఇద్దరూ పక్కసందులోంచి దొడ్డిలోకి పోయారు. గోడ నుంచి కొత్త సున్నం వాసన ముక్కుకు కొట్టింది. నడుమెత్తు నీడ లేదు, మోకాలెత్తు మరక లేదు. సున్నపు కుండ, ఈతమట్ట కుంచె గోడవారనే పడేసి ఉన్నాయి.

"నువ్వూ చూసినావు కదా ఎర్రిస్వామీ."

"చూసినానప్పా. లేదని చెప్పే మనిషిని కాదు నేను." ఎర్రిస్వామి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "కోర్టుకు ఏం చూపించమంటావు? పిల్లోడు లేడు. మరక లేదు. ఆయమ్మ రేపు నేనే అంటాది. నన్ను ఏం చెయ్యమంటావో చెప్పు, చేస్తా."

చెన్నప్ప లోపల లెక్క వేసుకున్నాడు. బస్సులు వెతకాలి, మడకశిర నుంచి ఎటు పోయిందో పట్టుకోవాలి, అదీ తెల్లారేలోగా. పట్టుకుంటే ఒక ముసలమ్మ చేతిలోంచి బిడ్డను గుంజుకోవాలి, బిడ్డ జబ్బును నిండు కోర్టులో చాటాలి. పట్టుకోకపోతే ఏ పాపమూ ఎరగని ఆడమనిషి జన్మంతా జైల్లో ఉంటుంది. ఇందులో ఏది చేస్తే ఆ కుటుంబానికి మేలో అతనికి నిజంగా తెలియలేదు.

ఎర్రిస్వామి జీపు వైపు నడిచాడు. చెన్నప్ప ఇంకొక్కసారి గోడ చూశాడు. తడి సున్నంలో, మోకాలి ఎత్తున, వేలి గోరంత గోధుమరంగు చుక్క పైకి తేలుతోంది. సున్నం తగిలేకొద్దీ అది నల్లబడుతుందని పెద్దక్కకు ఎవరూ చెప్పలేదు. తెల్లారేసరికి గోడ మొత్తం నిజం చెబుతుంది. కాని అది ఎవరిదో చెప్పగలిగిన ఒక్క బిడ్డ ఈపాటికి సరిహద్దు దాటుతూ ఉంటాడు.

"ఎర్రిస్వామీ," అని చెన్నప్ప పిలిచాడు. "జీపులో డీజిలెంతుంది?"